ఏడు నోరిస్ ట్రోఫీల ఆటగాడి రూకీ కార్డుకి రెండు డాలర్లేనా?

నోవి_రమణ
ఐస్ హాకీ ఆటగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ రూకీ కార్డు (అమెరికా-కెనడా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చిన కొత్తలో ఆయన బొమ్మతో అచ్చేసిన మొదటి కార్డు) రెండు డాలర్ల డబ్బాలో పడి ఉంది. అదీ వేరే ఎక్కడో కాదు, డెట్రాయిట్ పక్కనే, కార్డుల షోలో. అదే టేబుల్ మీద తాళం వేసిన అద్దాల పెట్టెలో పాతకాలపు బోస్టన్ డిఫెన్స్‌మన్ బాబీ ఓర్ రూకీ కార్డు. ధర అడిగితే ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కోవచ్చు.

ఓర్ గొప్పవాడు, కాదనను. కానీ లిడ్‌స్ట్రామ్ 20 సీజన్లు ఆడాడు, అన్నీ మా డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కే. లీగ్ విజేతకి ఇచ్చే స్టాన్లీ కప్పులు నాలుగు: 1997, 1998, 2002, 2008. బెస్ట్ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నోరిస్ ట్రోఫీ ఏడుసార్లు. ఆ 20 ఏళ్ళలో జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ తప్పలేదు. ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆటంటే ఏమిటో తెలియని నాకు హాకీ చూడటం నేర్పింది ఆయన ఆటే. అలాంటి మనిషి మొదటి కార్డుకి కాఫీ ధర కూడా లేకపోవడం ఏం న్యాయం? కార్డుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

అట్టముక్క
ఆ డబ్బా ఏ షోలో ఉందో చెప్పండి, మొత్తం నేనే తీసుకుంటా.

టొరంటో_కిట్టు
న్యాయం సంగతి కాదు రమణ గారూ, ప్రింటింగ్ ప్రెస్ సంగతి. లిడ్‌స్ట్రామ్ మొదటి సీజన్ 1991-92. కార్డులు లెక్కాపత్రం లేకుండా అచ్చేసిన కాలం అది. సేకరించేవాళ్ళు దాన్ని జంక్ వాక్స్ కాలం అంటారు. అప్పర్ డెక్, ఓ-పీ-చీ ప్రీమియర్, పార్క్‌హర్స్ట్, ప్రో సెట్, ఇలా ఒకే ఏడాది అన్ని కంపెనీలూ ఆయన కార్డు వేశాయి. అప్పర్ డెక్ అయితే ఇంగ్లిష్‌లో ఒకటి, ఫ్రెంచ్‌లో ఒకటి.

అప్పటికి జనానికి పాత బేస్‌బాల్ కార్డుల ధరలు తెలిసిపోయాయి. అందరూ పిల్లల చదువుకి పనికొస్తాయని పెట్టెలకి పెట్టెలు కొని, సీలు కూడా తీయకుండా బేస్‌మెంట్‌లో దాచారు. ఇప్పటికీ ఆ పెట్టెలు బయటికి వస్తూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు దాటినా కార్డు నిన్న ప్యాకెట్ లోంచి తీసినట్టే ఉంటుంది. అందరి దగ్గరా ఉన్నదానికి, అదీ కొత్తగా ఉన్నదానికి, ధర ఎక్కడి నుంచి వస్తుంది?

బోస్టన్_మూర్తి
ఓర్ పేరు వచ్చింది కాబట్టి నేను దిగాల్సిందే.

ఆ కార్డు 1966-67 టాప్స్ సెట్‌లో 35వ నంబరు. మొత్తం సెట్ 132 కార్డులు. ప్రతి కార్డూ పాత కలర్ టీవీలా ఉంటుంది, చుట్టూ చెక్క రంగు అంచు. ఆ గోధుమరంగు అంచే దాని పాలిట శత్రువు. మూల కాస్త రాలినా కింద ఉన్న తెల్ల అట్ట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి తోడు కార్డు మధ్యకి కాకుండా ఒక పక్కకి జరిగి కోసినవే ఎక్కువ. అప్పటి పిల్లలు వాటిని దాచుకోవాలని కొనలేదు. గోడకేసి విసిరి పందేలు ఆడారు, రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కారు, సైకిల్ చువ్వలకి క్లిప్పులతో బిగించి టపటపా శబ్దం చేసుకుంటూ తిరిగారు. మిగిలినవి పిల్లలు కాలేజీకి వెళ్ళాక అమ్మలు పారేశారు. బాగున్న కార్డు దొరకడం గగనం అయింది అందుకే.

శ్రీలత_కాంటన్
అయితే ఓర్ కార్డుకి ధర తెచ్చింది అమ్మలే అన్నమాట! మూర్తి గారి పోస్టు మావాడికి చదివి వినిపిస్తా. గది సర్దేటప్పుడు ఇక గొడవ ఉండదు.

(మావాడు పీవీ హాకీ, అంటే 11-12 ఏళ్ళ పిల్లల హాకీ ఆడతాడు, డిఫెన్స్. అందుకే ఈ థ్రెడ్ చూస్తున్నా.)

కూకట్‌పల్లి_వాసు
నేను హైదరాబాద్‌లో ఉంటా, మంచు మీద ఆట యూట్యూబ్‌లో తప్ప చూడలేదు. డిఫెన్స్‌మన్ అంటే గోల్ కీపరా? అంటే మన ద్రావిడ్ లాంటివాడా ఈ లిడ్‌స్ట్రామ్?

గణాంకాల_గిరి
కీపర్ వేరే వాసు. మామూలుగా ఒక జట్టుకి మంచు మీద ఆరుగురు: ఒక గోలీ (అంటే కీపర్), ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్. 45 సెకన్లు, నిమిషం లోపే షిఫ్ట్ మారుతుంటుంది, అంటే ఉన్నవాళ్ళు బయటికి వచ్చి వేరేవాళ్ళు దిగుతారు. కాబట్టి కోచ్ చేతిలో పెద్ద ఆయుధం ఏమిటంటే, అవతలి స్టార్ ఎప్పుడు దిగితే అప్పుడు తన బెస్ట్ డిఫెన్స్ జోడీని దింపడం.

ద్రావిడ్ పోలిక సగమే కుదురుతుంది. ఓపిక, క్రమశిక్షణ, గొడవల్లో దూరకపోవడం వరకు సరే. లిడ్‌స్ట్రామ్ 1,564 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు ఆడి, పెనాల్టీ నిమిషాలు (తప్పు చేసినందుకు బయట కూర్చోబెట్టే సమయం) 514 మాత్రమే. మ్యాచ్‌కి నిమిషంలో మూడో వంతు కూడా రాదు. రోజూ ఎదుటి జట్టులో అందరికంటే ప్రమాదకరమైనవాళ్ళ మీద ఆడే మనిషికి ఇది నమ్మశక్యం కాని అంకె. కానీ ఆయన ఆపడంతో సరిపెట్టుకోలేదు. 264 గోల్స్, 878 అసిస్టులు, మొత్తం 1,142 పాయింట్లు. పవర్ ప్లేలో, అంటే ఎదుటివాడు పెనాల్టీలో ఉండి వాళ్ళకి ఒక మనిషి తక్కువైనప్పుడు, వాళ్ళ వైపు నీలి గీత దగ్గర నిలబడి ఆట నడిపింది ఆయనే.

కూకట్‌పల్లి_వాసు
అసిస్టుకీ గోల్‌కీ ఒకటే పాయింటా?

గణాంకాల_గిరి
ఒకటే. గోల్‌కి ముందు పాస్ ఇచ్చినవాళ్ళలో ఇద్దరి వరకు అసిస్టు ఇస్తారు.

నోవి_రమణ
కిట్టు గారూ, అచ్చు ఎక్కువైందన్న మాట ఒప్పుకుంటా. కానీ అదొక్కటే కారణం అంటే మనసు ఒప్పుకోవట్లేదు. అదే కాలంలో ఫార్వర్డ్‌ల కార్డులకి కాస్తో కూస్తో విలువ ఉంది. డిఫెన్స్‌మన్ అంటే చిన్నచూపు. గోల్ వేసినవాడు టీవీలో పదిసార్లు కనిపిస్తాడు. గోల్ పడకుండా చేసినవాడి రీప్లే ఎవరు వేస్తారు?

1997 ఫైనల్ తీసుకోండి. ఫిలడెల్ఫియాలో ఎరిక్ లిండ్రోస్ అంటే కొండ. ఆయనతో కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల లైన్ పేరే లీజన్ ఆఫ్ డూమ్. వాళ్ళ మీదికి మా ఇంకో డిఫెన్స్‌మన్ కాన్‌స్టాంటినోవ్‌ని వదులుతారని, గట్టిగా గుద్దే మనిషి కాబట్టి వాళ్ళని ఆపుతాడని అందరూ అనుకున్నారు. కోచ్ స్కాటీ బోమన్ దింపింది లిడ్‌స్ట్రామ్, లారీ మర్ఫీ జోడీని. ఇద్దరూ గుద్దేవాళ్ళు కాదు. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) దగ్గరికి ముందే చేరుకుని, కర్రతో తీసుకుని, పాస్ ఇచ్చేసేవాళ్ళు. లిండ్రోస్ గుద్దడానికి అక్కడ మనిషే దొరకలేదు. నాలుగు మ్యాచ్‌లలో సిరీస్ అయిపోయింది. లిండ్రోస్‌కి వచ్చింది ఒక్క గోల్, అదీ నాలుగో మ్యాచ్ చివరి సెకన్లలో. డెట్రాయిట్‌కి 42 ఏళ్ళ తర్వాత కప్పు వచ్చింది. ఆ సిరీస్‌లో లిడ్‌స్ట్రామ్ చేసిన పని ఏ కార్డు వెనకాల అంకెల్లోనూ కనపడదు.

టొరంటో_కిట్టు
బాగా చెప్పారు. కానీ డిఫెన్స్‌మన్ అంటే చిన్నచూపు అన్నది నేను ఒప్పుకోను. కేల్ మకార్‌ని చూడండి. 2019-20 అప్పర్ డెక్ యంగ్ గన్స్ కార్డు, అంటే ఆయన రూకీ కార్డు, వచ్చిన రోజు నుంచీ దానికి గిరాకీనే. 2020లో బెస్ట్ రూకీకి ఇచ్చే కాల్డర్, 2022లో నోరిస్, కప్పు, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ మూడూ ఒకే ఏడాది. ఆయనా డిఫెన్సే.

గణాంకాల_గిరి
మకార్ పాయింట్లు చేస్తాడు కాబట్టి గిరాకీ. రమణ గారి వాదన దాంతో ఇంకా బలపడుతుంది. డిఫెన్స్‌మన్ అయినా ఫార్వర్డ్‌లా కనిపిస్తేనే డబ్బు.

బోస్టన్_మూర్తి
ఆ లెక్కన ఓర్ మొదటివాడు. డిఫెన్స్‌మన్ అయి ఉండి లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లు చేసినవాడికి ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ రెండుసార్లు, 1970లో, 1975లో గెలిచాడు. ఇంకే డిఫెన్స్‌మన్‌కీ ఇప్పటివరకు అది సాధ్యం కాలేదు. 1970-71లో 139 పాయింట్లు, ప్లస్-మైనస్ (సుమారుగా, తను మంచు మీద ఉండగా జట్టు వేసిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా) +124. ఆ +124 ఇప్పటికీ రికార్డే. నోరిస్ వరుసగా ఎనిమిది, 1968 నుంచి 1975 దాకా.

ఇక 1970 మే 10. సెయింట్ లూయిస్ మీద ఫైనల్ నాలుగో మ్యాచ్, ఓవర్‌టైమ్ మొదలై 40 సెకన్లు. డెరెక్ శాండర్సన్ పాస్, ఓర్ గోల్, నోయెల్ పికార్డ్ కర్ర తగిలి ఓర్ గాల్లోకి లేచాడు. రెండు చేతులూ చాచి గాల్లో అడ్డంగా తేలుతున్న ఆ ఫోటో తీసింది రే లుసియర్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్. బోస్టన్‌లో ఆ ఫోటో లేని బార్బర్ షాపు చూపించండి. ఇక్కడ విగ్రహం కూడా ఆ భంగిమలోనే పెట్టారు. అలాంటి ఒక్క క్షణం దొరికితే, అరవై ఏళ్ళయినా ఆ కార్డుకి కొత్త కొనుగోలుదారులు పుడుతూనే ఉంటారు.

నోవి_రమణ
క్షణాలు కావాలా మూర్తి గారూ? 2002 మొదటి రౌండ్ తీసుకోండి. వాంకూవర్ మా దగ్గరికి వచ్చి రెండు మ్యాచ్‌లూ గెలిచేసింది. ఊరంతా టెన్షన్. మూడో మ్యాచ్ వాళ్ళ ఊళ్ళో, స్కోరు 1-1, రెండో పీరియడ్ ముగియబోతోంది. లిడ్‌స్ట్రామ్ రింక్ మధ్య గీత దగ్గర నుంచి ఒక షాట్ కొట్టాడు. గోలీ డాన్ క్లూటియర్ చేతుల కింద నుంచి లోపలికి వెళ్ళిపోయింది! ఆ తర్వాత ఆ సిరీస్‌లో వాంకూవర్ ఒక్క మ్యాచ్ గెలవలేదు. మేం కప్పు కొట్టాం. ప్లేఆఫ్స్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు లిడ్‌స్ట్రామే. కాన్ స్మైత్ గెలిచిన మొదటి యూరోపియన్.

వాంకూవర్_సుధ
ఈ గోల్ గురించి మాట్లాడకుండా ఒక్క హాకీ థ్రెడ్ అయినా ఉండదా? మా ఇంట్లో ఇంకా ఆ పేరెత్తితే మా ఆయన భోజనం దగ్గర నుంచి లేచిపోతారు.

అట్టముక్క
సుధ గారికి లిడ్‌స్ట్రామ్ కార్డు ఫ్రీగా పంపిద్దామా రమణ గారూ?

వాంకూవర్_సుధ
వద్దు. పవెల్ బుర్యే కార్డు పంపండి. 1992లో కాల్డర్ ట్రోఫీ మీ లిడ్‌స్ట్రామ్‌కి కాకుండా మావాడికే వచ్చింది, గుర్తుందిగా.

గణాంకాల_గిరి
నిజమే, ఆ ఏడాది లిడ్‌స్ట్రామ్ రెండో స్థానం. మొదటి సీజన్లోనే 11 గోల్స్, 49 అసిస్టులు. 21 ఏళ్ళ స్వీడిష్ కుర్రాడు, ఇక్కడి చిన్న రింకుల్లో ఆడటం కొత్త. పక్కన బ్రాడ్ మెక్‌క్రిమన్ అనే అనుభవజ్ఞుడిని జోడీగా వేశారు. ఆ కుర్రాడు ముందుకి వెళ్ళినప్పుడల్లా వెనక కాపలా ఉన్నది మెక్‌క్రిమనే. ఆయన 2011లో యారోస్లావ్ల్ విమాన ప్రమాదంలో పోయారు, అప్పుడు ఆ జట్టుకి కోచ్‌గా ఉన్నారు. లిడ్‌స్ట్రామ్ కథ చెప్పేవాళ్ళు ఆయన పేరు చెప్పి తీరాలి.

డ్రాఫ్ట్ సంగతి, అంటే జట్లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే సంగతి కూడా చెప్పాలి. 1989లో మూడో రౌండ్, 53వ పిక్. అంటే ఆయన కంటే ముందు 52 మందిని ఎంచుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో డెట్రాయిట్ నాలుగో రౌండ్‌లో సెర్గీ ఫెదొరోవ్‌ని, పదకొండో రౌండ్‌లో వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్‌ని తీసుకుంది. ఒక్క రోజులో మూడు కప్పుల జట్టుకి పునాది పడింది.

కూకట్‌పల్లి_వాసు
52 మంది ముందున్నారా! వాళ్ళ కార్డుల ధరెంత ఇప్పుడు?

అట్టముక్క
కొందరికి కార్డే లేదు వాసూ.

టొరంటో_కిట్టు
ధర విషయంలో ఇంకో కోణం చెప్తాను, కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

రూకీ కార్డు విలువ మూడు చోట్ల నుంచి వస్తుంది. ఎన్ని ఉన్నాయి, ఎంత బాగున్నాయి, ఎవరు కావాలనుకుంటున్నారు. కెరీర్ అనేది మూడోదానికి మాత్రమే సాయం చేస్తుంది. వేన్ గ్రెట్స్కీ 1979-80 ఓ-పీ-చీ కార్డు, 18వ నంబరు, 2021లో 37.5 లక్షల డాలర్లకి అమ్ముడైంది. ఆ ధర గ్రెట్స్కీ రూకీ కార్డులన్నిటిదీ కాదు. కార్డు కండిషన్ చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీ నుంచి పదికి పది గ్రేడ్ వచ్చిన ఒక్క కార్డుది. ఓ-పీ-చీ వాళ్ళు అప్పట్లో షీట్లని తీగతో కోసేవాళ్ళు, అంచులు గరుకుగా వచ్చేవి. నీలి అంచు రాలిపోయేది. అందుకే పదికి పది వచ్చినవి వేళ్ళ మీద లెక్క. అదే గ్రెట్స్కీ కార్డు మూలలు అరిగిపోయి ఉంటే దానికీ దీనికీ పోలికే లేదు.

డిఫెన్స్‌మన్‌లలో రే బుర్క్‌ని చూడండి. 1980-81 కార్డు. ఓ-పీ-చీ ఒకటి, టాప్స్ ఒకటి, అంతే. ఆ టాప్స్ కార్డు మీద పేరు ఉండే చోట నల్ల పూత ఉండేది, నాణెంతో గీకి పేరు చూసుకోవాలి. పిల్లలన్నాక గీకకుండా ఉంటారా? గీకనివి తక్కువ. ఇలా ప్రతి పాత కార్డుకీ నాశనమయ్యే దారి ఒకటి ఉంది. లిడ్‌స్ట్రామ్ కార్డుకి ఆ దారి లేకుండా పోయింది. అచ్చయిన రోజునే జనం ప్లాస్టిక్ షీటులో పెట్టేశారు.

కాబట్టి రమణ గారూ, ఆ రెండు డాలర్లు లిడ్‌స్ట్రామ్‌కి కట్టిన ధర కాదు. 1991లో నడిచిన ప్రెస్సులకి కట్టిన ధర.

నోవి_రమణ
ఈ పోస్టుతో నాకు చాలా స్పష్టత వచ్చింది కిట్టు గారూ. కానీ గ్రేడింగ్ చేయిస్తే? నా దగ్గర పార్క్‌హర్స్ట్‌వి, అప్పర్ డెక్‌వి మంచి కండిషన్లో ఉన్నాయి.

టొరంటో_కిట్టు
చేయించకండి, డబ్బు కోసమైతే. గ్రేడింగ్ ఫీజు, పోస్టల్ ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపితే కార్డు కంటే ఎన్నో రెట్లు. పదికి పది వస్తే తప్ప గిట్టదు. మీకోసం, స్లాబ్‌లో (గ్రేడ్ చేసి సీలు వేసిచ్చే గట్టి ప్లాస్టిక్ పెట్టె) పెట్టి బల్ల మీద చూసుకోవడానికైతే వేరే సంగతి. లేదంటే పెన్నీ స్లీవ్ అనే పలచటి కవర్లో పెట్టి, టాప్ లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో దోపండి. ఎండ తగలని చోట, తేమ లేని చోట ఉంచండి. బేస్‌మెంట్ మాత్రం వద్దు.

శ్రీలత_కాంటన్
స్లీవ్ వేయకుండా నేరుగా టాప్ లోడర్‌లో పెడితే ఏమవుతుంది? మావాడు అలాగే పెడుతున్నాడు.

టొరంటో_కిట్టు
గట్టి ప్లాస్టిక్ కదా మేడమ్, లోపలికి జారేటప్పుడు మీద సన్నని గీతలు పడతాయి, మూలలు నొక్కుకుంటాయి. ముందు మెత్తటి స్లీవ్, తర్వాత లోడర్. స్లీవ్‌ల కట్ట చాలా చవక, ఇవాళే కొనిపెట్టండి.

బోస్టన్_మూర్తి
ఓర్ కార్డు కొనాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక హెచ్చరిక. రీప్రింట్లు ఊరూరా ఉన్నాయి. మా స్నేహితుడికి ఒక చిన్న షోలో ఒకడు అసలుదని చెప్పి రీప్రింట్ అంటగట్టాడు. వారం తర్వాత తెలిసి వెనక్కి తీసుకెళ్తే, షో అయిపోయాక నాకు సంబంధం లేదన్నాడు. డబ్బు పోయింది. భూతద్దంలో చూస్తే అసలు కార్డులో నల్ల అక్షరాలు నిండుగా ఉంటాయి, బొమ్మలో చుక్కలు ఒక పద్ధతిలో ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసినదాంట్లో అక్షరాల్లో కూడా చుక్కలు కనిపిస్తాయి. అంత డబ్బు పెట్టేటప్పుడు పేరున్న కంపెనీ గ్రేడ్ చేసిన స్లాబే కొనండి. దాని మీది నంబరుని ఆ కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

అదే ఏడాది అమెరికా మార్కెట్‌లో పరీక్షకి తక్కువ సంఖ్యలో వేసిన టెస్ట్ సెట్ ఒకటి ఉంది, 66 కార్డులు, లేత చెక్క రంగు అంచు. అందులోనూ ఓర్ ఉన్నాడు. అది మామూలుదానికంటే ఎంతో అరుదు. దాని ఫోటో చూపించి మామూలు కార్డు అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

గణాంకాల_గిరి
నా సందేహం ఒకటి. ఓర్ మోకాలు బాగుండి ఇరవై ఏళ్ళు ఆడి ఉంటే కార్డు ధర ఇంకా ఎక్కువ ఉండేదా? ఆయన ఆడింది 657 మ్యాచ్‌లు. లిడ్‌స్ట్రామ్ ఆడినదాంట్లో సగం కూడా కాదు. ఎడమ మోకాలికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. 1976లో షికాగో వెళ్ళి అక్కడ 26 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు. ముప్పై ఏళ్ళకే రిటైర్మెంట్. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు మూడేళ్ళ ఆగే నియమం పక్కనపెట్టి 1979లోనే చేర్చుకున్నారు. 31 ఏళ్ళు అప్పటికి.

నా అనుమానం, తక్కువ ఆడటం వల్లే ఆ పేరు చుట్టూ ఒక వెలుగు ఏర్పడింది. ఆయన నెమ్మదించడం జనం ఎక్కువ చూడలేదు.

బోస్టన్_మూర్తి
గిరి గారూ, ఈ మాట నాకు బాధ కలిగించింది. కుంటుతూ కూడా 1976 కెనడా కప్‌లో టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడు ఆయనే. ఆ నొప్పితో ఆడిన ఆటే అలా ఉంటే, మోకాలు బాగుంటే ఏం చేసేవాడో! ఇందులో వెలుగు ఎక్కడుంది, అన్యాయం ఉంది. బోస్టన్ క్లబ్ తనకి 18.5 శాతం వాటా ఇవ్వజూపిందన్న సంగతి ఏజెంట్ ఆలన్ ఈగిల్‌సన్ తనకి చెప్పలేదని ఓర్ తర్వాత చెప్పాడు. ఆ ఈగిల్‌సన్ 1998లో మోసం నేరాలు ఒప్పుకుని జైలుకి వెళ్ళాడు. ఓర్ మనసు బోస్టన్‌లో ఉండగా షికాగో వెళ్ళాల్సి వచ్చింది. షికాగోలో ఆడలేకపోయినప్పుడు జీతం చెక్కులు కూడా మార్చుకోలేదు.

గణాంకాల_గిరి
అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. ఆటని తక్కువ చేయడం లేదు మూర్తి గారూ. జనం జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో అంటున్నా.

అట్టముక్క
అయితే లిడ్‌స్ట్రామ్ నెమ్మదించడం ఎవరు చూశారు? 40 ఏళ్ళ వయసులో, 2010 డిసెంబర్‌లో, కెరీర్ మొత్తంలో మొదటి హ్యాట్రిక్ కొట్టాడు. ఆ సీజన్‌కే ఏడో నోరిస్.

గణాంకాల_గిరి
ఆ ఏడో నోరిస్ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 2010-11లో ఆయన ప్లస్-మైనస్ -2. కెరీర్‌లో ఒకే ఒక్క మైనస్ సీజన్. ఆ ఏడాది జడెనో చారా, షే వెబర్ ఇద్దరూ అంతకంటే బాగా కాపాడారని నా అభిప్రాయం. 62 పాయింట్లు, పెద్ద పేరు చూసి ఓట్లేశారు.

నోవి_రమణ
గిరీ, ఆ ఒక్కటి ఎక్కువ ఇచ్చారనుకున్నా, 1998, 1999, 2000 మూడేళ్ళూ వరుసగా రెండో స్థానంలో నిలబెట్టారుగా. అప్పుడు బాకీ పడ్డది తర్వాత తీర్చారు. అన్నీ సరిగ్గా ఇచ్చి ఉంటే లిడ్‌స్ట్రామ్ ఓర్ గెలిచిన ఎనిమిదిని దాటేవాడని నా నమ్మకం.

గణాంకాల_గిరి
1998లో రాబ్ బ్లేక్‌కి ఇచ్చినప్పుడు మీతో ఏకీభవిస్తా. 2000లో నోరిస్ గెలిచిన క్రిస్ ప్రాంగర్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ కూడా గెలిచాడు, అది కాదనలేం.

శ్రీలత_కాంటన్
మా వాడి కోచ్ లిడ్‌స్ట్రామ్ వీడియోలు చూడమంటారు. ఏం చూడాలో నాకు అర్థం కాదు, ఆయన ఏమీ చేస్తున్నట్టే ఉండదు. తప్పుగా అనుకోకండి, నిజంగా అడుగుతున్నా.

నోవి_రమణ
మంచి ప్రశ్న శ్రీలత గారూ. పక్‌ని చూడొద్దు, ఆయన కర్ర బ్లేడుని చూడమనండి.

అవతలివాడు వేగంగా వస్తుంటే మామూలు డిఫెన్స్‌మన్ ఎదురెళ్ళి గుద్దుతాడు, తప్పితే అంతే సంగతి. లిడ్‌స్ట్రామ్ వెనక్కి స్కేట్ చేస్తూ, వచ్చేవాడికి ఒక పక్క దారి ఇస్తాడు. ఆ దారి బోర్డు (రింక్ చుట్టూ ఉండే గోడ) వైపే పోతుంది. వాడు అటు తిరిగాక కర్ర చాచి పక్ తీసేస్తాడు. కాళ్ళు ఎప్పుడూ కంగారుపడవు. రెండోది, పక్ చేతికి రాకముందే తల తిప్పి చూస్తాడు, ఎవరికి పాస్ ఇవ్వాలో ముందే తెలుసు. మూడోది షాట్. పాత జో లూయిస్ ఎరీనాలో గోల్ వెనక బోర్డులు, బంతిని గోడ ఎగరగొట్టినట్టు, పక్‌ని వెనక్కి ఎగరగొట్టేవి. ఆయన కావాలనే నెట్ పక్కకి కొట్టేవాడు. పక్ బోర్డుకి తగిలి అవతలి వైపు నిలబడ్డ మనవాడి కర్ర మీదికి వచ్చేది. గోలీ ఇటు, పక్ అటు.

జట్టులో వాళ్ళు ఆయన్ని పర్‌ఫెక్ట్ హ్యూమన్ అని పిలిచేవాళ్ళు. ఊరికే అన్నారా!

శ్రీలత_కాంటన్
మూడోది చదివి మావాడు వెంటనే వీడియో పెట్టుకున్నాడు. థాంక్స్ అండీ.

వాంకూవర్_సుధ
2006 ఒలింపిక్స్ కూడా చూపించండి బాబుకి. టురిన్ ఫైనల్లో ఫిన్లాండ్ మీద 2-2 ఉంది. మూడో పీరియడ్ మొదలై 10 సెకన్లకే లిడ్‌స్ట్రామ్ స్లాప్ షాట్, అదే గెలుపు గోల్. స్వీడన్‌కి బంగారం. వాంకూవర్ వాళ్ళమైనా మేం మా జట్టుకి ఆడే స్వీడన్ కుర్రాళ్ళు సెడీన్ కవలల కోసం ఆ మ్యాచ్ చూశాం, ఆ గోల్‌కి మాత్రం ఆనందపడ్డాం.

అట్టముక్క
సుధ గారు లిడ్‌స్ట్రామ్ గోల్‌కి ఆనందపడ్డారని రాసిపెట్టుకోండి అందరూ.

టొరంటో_కిట్టు
2008లో కప్పు ఎత్తిన మొదటి యూరోపియన్ కెప్టెన్ అని చాలాచోట్ల రాస్తారు. పూర్తిగా సరైనది కాదు. 1930లలో షికాగో కెప్టెన్లు చార్లీ గార్డినర్, జానీ గాట్‌సెలిగ్ ఇద్దరూ యూరప్‌లో పుట్టినవాళ్ళే, పెరిగింది కెనడాలో. యూరప్‌లోనే ఆట నేర్చుకుని వచ్చిన కెప్టెన్లలో లిడ్‌స్ట్రామ్ మొదటివాడు.

కూకట్‌పల్లి_వాసు
రమణ గారూ, కాన్‌స్టాంటినోవ్ పేరు రెండుసార్లు విన్నా ఈ థ్రెడ్‌లో. ఆయన ఏమయ్యారు?

నోవి_రమణ
1997లో కప్పు గెలిచిన ఆరు రోజులకి, జూన్ 13న, జట్టు వేడుక నుంచి లిమోలో తిరిగొస్తుంటే అది చెట్టుకి గుద్దుకుంది. తలకి తీవ్రమైన దెబ్బ. మళ్ళీ ఆడలేదు, మామూలు నడక కూడా లేదు. ఆ ఏడాది నోరిస్ ఓట్లలో ఆయనది రెండో స్థానం. 1998లో మళ్ళీ కప్పు గెలిచాక వీల్‌చైర్‌లో ఆయన్ని మంచు మీదికి తీసుకొచ్చి కప్పు ఒళ్ళో పెట్టారు. ఆ దృశ్యం చూసి ఏడవని మనిషి ఈ ఊళ్ళో లేడు.

ఆయన రూకీ కార్డు కూడా 1991-92దే. అదే రెండు డాలర్లు. దాన్ని ఎవరికీ అమ్మను.

బోస్టన్_మూర్తి
ఈ ఒక్క విషయంలో బోస్టన్, డెట్రాయిట్ తేడా లేదు రమణ గారూ.

అట్టముక్క
ఇంకో మాట. ధర తక్కువ ఉండటం వల్లే కదా శ్రీలత గారి అబ్బాయి లాంటివాడు పాకెట్ మనీతో హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడి మొదటి కార్డు కొనుక్కోగలుగుతున్నాడు. ఓర్ కార్డుని వాడు అద్దంలోంచి చూడాల్సిందే. నాకైతే ఇది లోటుగా అనిపించదు.

నోవి_రమణ
అది నిజం. కానీ కోపం మాత్రం పోలేదు. లీగ్ చరిత్రలో మొదటి అయిదుగురు డిఫెన్స్‌మన్లలో ఒకడి పేరు మీద ఎవరూ బేరం కూడా ఆడకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

శ్రీలత_కాంటన్
మావాడు మొత్తం థ్రెడ్ చదివించుకున్నాడు. లిడ్‌స్ట్రామ్, కాన్‌స్టాంటినోవ్ ఇద్దరి కార్డులూ ఒకే సెట్‌లోవి కావాలట, పక్కపక్కన పెట్టుకుంటాడట. ఏ సెట్ కొనాలి? ప్యాకెట్లు కొని చింపాలా, విడిగా కొనాలా?

టొరంటో_కిట్టు
విడిగానే కొనండి మేడమ్. పాత ప్యాకెట్లలో కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయి వస్తాయి, లాగితే రంగు ఊడుతుంది. పార్క్‌హర్స్ట్ గానీ అప్పర్ డెక్ గానీ తీసుకోండి, ఇద్దరూ ఉంటారు. కొనేముందు వెనక వైపు ఫోటో కూడా అడగండి. ఫ్రెంచ్‌ది దొరికితే అదే తీసుకోండి, ఇంగ్లిష్‌దంత విరివిగా కనపడదు. ఇక్కడ కార్డుల ఎక్స్‌పో జరిగినప్పుడు నేను వెళ్తాను, ఫ్రెంచ్‌వి రెండూ కనిపిస్తే మెసేజ్ పెడతా.